పన్నెండు ఇళ్ళ కేకు

బెల్లంపల్లి పోయి వచ్చి పది రోజులయింది. కనిపించిన ప్రతివాళ్ళూ "మనవలతో క్రిస్మస్ బాగా జరిగిందా?" అని అడుగుతున్నారు. బాగానే జరిగిందని ఇద్దరికి చెప్పాను. మూడో ఆమెకు చెప్పబోతే నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను. బొగ్గు బావుల ఊళ్ళు చూడనివాళ్ళకు ఆ దారి తెలుస్తుంది, నా కోపం కాస్త దిగుతుంది. దిగుతుందన్న నమ్మకం పెద్దగా లేదు.

నేను కరీంనగర్‌లో ముప్పయ్యేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. మా అబ్బాయి ప్రకాశం బెల్లంపల్లి దగ్గర ఒక బావిలో, అదే బొగ్గు గనిలో, పనిచేస్తాడు. ఆరేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కూ నేను అక్కడికి వెళ్తాను. మనవరాలు రూతు, నడక వచ్చిన దగ్గర్నుంచి మనవడు సామేలు, నేను కలిసి కేకు చేస్తాం. పండుగ పొద్దున పిల్లలు ఆ కేకూ, కోడలు చేసిన గర్జెలూ (కజ్జికాయలు) పళ్ళాల్లో పెట్టుకొని వాళ్ళ క్వార్టర్ల వరసలో ఉన్న పన్నెండు ఇళ్ళకూ ఇచ్చి వస్తారు. మర్నాడు పొద్దుటి బండికి నేను తిరిగి వచ్చేస్తాను. ఇదీ మా ఆచారం.

ఈసారి ప్రకాశం రాసిన కార్డులో ఒక ముక్క ఉంది (మా వైపు తల్లిని అవ్వా అంటారు): "అవ్వా, ఈసారి కేకు పని పెట్టుకోకు. బేకరీలో కొంటాము. రూతు కూడా చేయనంటోంది."

రూతు చేయనంటోందా? గుడ్లు గిలక్కొట్టే గిన్నె తమ్ముడి చేతికి కూడా ఇవ్వని పదేళ్ళ పిల్ల చేయనంటోందా? ఆ కార్డును నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను. ఆ పిల్ల ఎందుకు అలిగిందో కనుక్కోవాలి, పక్కన కూర్చోబెట్టుకొని కేకు చేయించాలి. అది కాకుండా తిరిగి రాకూడదని అనుకొని బయల్దేరాను.

కరీంనగర్ బస్టాండ్

మా ఇళ్ళల్లో కేకు కాల్చే భట్టీ ఉండదు. పెద్ద గంజులో ఇసుక పోసి బాగా వేడెక్కించి, పిండి పోసిన డబ్బాను అందులో దించి, మూత మీద నిప్పులు పోస్తాం. నర్సు పని నేర్చుకునే రోజుల్లో మా ఆస్పత్రి డాక్టరమ్మ వంటాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. ఇసుక ఏదో ఒకటి అనుకుంటే పొరపాటు. కొత్త ఇసుక మట్టి వాసన కొడుతుంది. నాది మానేరు వాగు ఇసుక, ఏడు నీళ్ళు కడిగి ఎండబెట్టింది, ఏళ్ళ తరబడి కాలి కాలి బెల్లం రంగుకు వచ్చింది. దాన్ని ఒక గుడ్డ సంచిలో పోసి, దారికి చేసుకున్న నాలుగు గర్జెల డబ్బా పెట్టిన గంజును చంకన ఇరికించుకొని, ఇంకో చేత్తో ఊకలో సర్దిన మూడు డజన్ల గుడ్ల డబ్బా పట్టుకొని బస్సెక్కాను.

కండక్టర్ సంచిని కాలితో కదిపి చూశాడు. "ఏముందమ్మా గిండ్ల?"

"ఇసుక."

"ఏందీ?"

"ఇసుకనయ్యా. చెవులు వినబడయా?"

"గోదారి దిక్కు పోతున్నవ్, ఇసుక మోసుకపోతున్నవా? ఆడ ఇసుక కరువొచ్చిందా అమ్మా?"

బస్సంతా గొల్లున నవ్వింది. నవ్వితే నవ్వారు, అతను దానికి లగేజీ టికెట్ కొట్టబోయాడు. నాకు ఒళ్ళు మండి, సంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకొని "మనుమడు అనుకో, ఒళ్లె కూసున్న పిల్లకు టికెట్ లేదు గద" అన్నాను. అతను తల కొట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ మొండితనానికి నా మోకాళ్ళు ఇప్పటికీ నొస్తున్నాయి.

సుల్తానాబాద్

ఇక్కడ బస్సు ఇంజన్‌లో నీళ్ళు పోయడానికి ఆగింది. బజ్జీల పొయ్యి ముందు జనం మూగారు. నయా పైసలు వచ్చి ఇన్నేళ్ళయినా బజ్జీలావిడ అణాకు రెండు అనే చెబుతుంది. చిల్లర ఇచ్చేటప్పుడు మాత్రం పైసల్లో లెక్క కట్టి ఒక పైసా మింగుతుంది. అడిగితే "పోనియ్ అవ్వా, మిరపకాయ పెద్దగున్నది" అంది. మిరపకాయ నిజంగానే పెద్దది, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

నా పక్క సీటులో సిరిసిల్ల నుంచి వస్తున్న ఒకామె ఉంది. వాళ్ళది నేత పని. మొగుడూ ఇద్దరు కొడుకులూ మరమగ్గాల మీద పనిచేస్తారట. ఆ చప్పుడుకు అలవాటు పడి ఆమె గట్టిగా మాట్లాడుతుంది. ఎక్కిళ్ళు తగ్గడానికి తన చెంబులో నీళ్ళు ఇచ్చింది.

"దినమంతా చీరెలు నేసేది మావోళ్ళే అక్కా. నా ఒంటి మీద చూడు, మాసికలు," అని కొంగు చూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మగ్గాల సేట్లను నాలుగు తిట్టాను. ఆమె ఇంకా నవ్వింది. గర్జెల డబ్బా విప్పి రెండు ఇచ్చాను. వాటిని కొంగున కట్టుకొని, "బిడ్డ ఇంటికి పోతున్న, మనుమరాలికి పెడత" అంది. నాకు చాలా సంతోషమయింది.

ఇప్పుడు రాస్తూంటే ఆ గర్జెలు ఏమయి ఉంటాయా అన్న అనుమానం వస్తోంది. పాపం, ఆమె పెట్టే ఉంటుంది. నీళ్ళు ఇచ్చిన మనిషిని అనుమానించే బుద్ధి నాకు ముందు లేదు. అది బెల్లంపల్లిలో పట్టుకుంది, దానికి కూడా ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళనే అనాలి.

పెద్దపల్లి నుంచి రైలు

బండి రెండు గంటలు ఆలస్యం. ఎక్కేసరికి కాలు పెట్టే సందు లేదు. గుడ్ల డబ్బాను బల్ల మీద పెట్టి గంజును పైకి ఎత్తుతున్నంతలో ఒక మనిషి వచ్చి సరిగ్గా ఆ డబ్బా మీదే కూర్చున్నాడు. చప్పుడు నాకు వినబడింది. ఉత్తరాది మనిషి, బావుల్లో పనికి తిరిగి వస్తున్నాడట. తెలుగూ హిందీ కలిపి "మాఫ్ కరో అమ్మా, చూడలే" అంటూ దణ్ణాలు పెడుతూనే ఉన్నాడు, వెనక పంచెకు సొన కారుతోంది. నాకు వచ్చిన తిట్లన్నీ ఉర్దూలోనే తిట్టాను, అతనికి అర్థం కావాలి గదా. విప్పి చూస్తే పదకొండు పోయాయి, మిగిలినవి ఊక పుణ్యాన బతికాయి.

రామగుండం దాటాక గోదావరి వంతెన వచ్చింది. అందరూ కిటికీల్లోంచి పైసలు విసిరి దణ్ణం పెట్టుకున్నారు. మాకు ఆ అలవాటు లేదు. కానీ ఆ నీళ్ళు కనబడినంతసేపూ నేనూ కిటికీ వదలను. గుడ్ల మీద కూర్చున్న ఆ మనిషి బెల్లంపల్లిలో దిగి, నా ఇసుక సంచి భుజాన వేసుకొని మా వాడి క్వార్టర్ దాకా మోసుకొచ్చాడు. గుమ్మంలో దించి, మా కోడలు ఇచ్చిన మంచినీళ్ళు గటగటా తాగి పోయాడు.

బొగ్గు పొగ

కరీంనగర్‌లో పొద్దున్నే కట్టెల పొగ ఉంటుంది. ఇక్కడ ప్రతి వాకిట్లోనూ రాక్షసి బొగ్గు కుప్ప పోసి ముందు బయటే కాలుస్తారు. పొగంతా పోయి ఎర్రబడ్డాకే ఇంట్లోకి తెస్తారు. దండెం మీద తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగు తిరుగుతుంది.

రూతు నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది, గంజు చూసి ఆగిపోయింది.

"నేను చెయ్య నాయినమ్మా."

"ఎందుకు చెయ్యవే?"

"చెయ్య. గంతే."

కోడలు సుగుణ చీపురు తీసుకొని వాకిలి ఊడవడానికి వెళ్ళింది. వాకిలి అప్పటికే ఊడ్చి ఉంది. అంటే ఆమెకు సంగతి తెలుసు. సరే, నేనూ సామేలే మొదలుపెట్టాం. వాడికి అయిదేళ్ళు, పిండి కంటే చక్కెర మీదే ధ్యాస. తొందరలో నేను పొగ పోని బొగ్గు తెచ్చి మూత మీద పోశాను. కేకు పొంగింది, రంగూ వచ్చింది. సామేలు ముక్క కొరికి, "నాయినమ్మా, గిది బాపు అంగి వాసనొస్తుంది" అన్నాడు. నిజమే, డ్యూటీ దిగి వచ్చిన ప్రకాశం చొక్కా వాసనే. అంతవరకూ మూతి ముడుచుకొని గోడవార కూర్చున్న రూతు ఫక్కున నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది.

అప్పుడు చెప్పింది. "నిరుడు నువ్వు బండెక్కినంక నేను సేవంతాబాయి బుట్ట చూసిన." సేవంతాబాయి ఆ వరసలో చెత్త ఎత్తుకుపోయే మనిషి. "పన్నెండు ముక్కల మీద పన్నెండు కిస్మిస్ పండ్లు పెట్టిన గద నాయినమ్మా. అన్ని ముక్కలు గా బుట్టలనే ఉన్నయ్. ఒక్కలు గూడ తినలే. బాపు నీకు చెప్పొద్దన్నడు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లోంచి వేడి వచ్చింది. మా అమ్మమ్మ కాలంలోనే మేం క్రైస్తవులమయ్యాం. అయినా వాళ్ళ లెక్కలో మేం ఇంకా ఊరి బయటి వాడ మనుషులమే, మా ఇంట్లో వండింది వాళ్ళ నోట్లోకి పోకూడదు. ఆ పన్నెండు ఇళ్ళలో గుంటూరు వాళ్ళున్నారు, మరాఠీ మాట్లాడే చాందా వాళ్ళున్నారు, మా కరీంనగర్ వాళ్ళూ ఉన్నారు. భాషలు వేరు, వంటలు వేరు, ఈ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. నేను ఎన్ని వందల కాన్పులు చేశానో నాకే తెలియదు. నొప్పులు పడేటప్పుడు ఏ తల్లీ నా పుట్టుక అడగలేదు. నేను పోసిన మందు మింగొచ్చు, నా మనవరాలు చేసిన కేకు మాత్రం మింగకూడదు!

బియ్యం పొట్లాలు

ప్రకాశం డ్యూటీ దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కోనివ్వకుండా అందుకున్నాను. వాడు బూట్లు విప్పుకుంటూ చెప్పాడు.

"బావిల ఒక్క క్యాన్ల నీళ్ళే తాగుతమవ్వా. నా సద్ది వాళ్ళు తింటరు, వాళ్ళ సద్ది నేను తింట. పైకొచ్చి తానం జేసినంక ఎవరి ఇల్లు వాళ్ళదే."

"మరి గా బావిలనే ఉండకపోయినవ్? పైకెందుకొచ్చినవ్?"

"లొల్లి చెయ్యకు. రేపు పైకప్పు కూలితె నన్ను బయటికి గుంజేది వాళ్ళే. కేకు కోసం వాళ్ళతోటి తగువు పెట్టుకోమంటవా?"

వాడి మాట నిజమని తోచి కోపం ఇంకా ఎక్కువయింది. వంటింట్లోకి వెళ్తే అక్కడ మరొకటి కనబడింది. అటక కింద వరసగా పన్నెండు పొట్లాలు, ఒక్కోదాంట్లో సోలెడు బియ్యం, చిన్న బెల్లం ముక్క. సుగుణ ఈసారికి చేసిన ఏర్పాటు అది. వండినది వద్దు గనక వండనిది ఇవ్వడం. మా అమ్మ హుజూరాబాద్ దగ్గర పల్లెలో పండుగ నాడు అలాగే బియ్యమూ బెల్లమూ చేటలో పెట్టుకొని దొరగారింటి వెనక వాకిట్లో దించి, దూరం జరిగి నిలబడేది. పచ్చి బియ్యానికి అంటు లేదట. ఆ చేట మళ్ళీ చూడకూడదనే నేను నర్సు పనిలో చేరాను. అది నా కొడుకు ఇంటికే వచ్చి కూర్చుంది.

మర్నాడు పక్క క్వార్టర్ పెద్దామె పలకరించడానికి వచ్చింది. జగిత్యాల వైపు మనిషి, ఫోర్‌మన్ తల్లి. వాకిట్లోనే నిలబడి ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది.

"మీరేం పరేషాన్ గాకుండ్రి అక్కా. కోడలు ఈసారి మంచి పని జేసింది. బియ్యం, బెల్లం ఇస్తె మేమే వండుకుంటం, మీ పేరు చెప్పుకొని తింటం."

"ఆరేండ్ల సంది మా కేకు మంచిగున్నదని చెప్పిండ్రు గద?"

"మంచిగున్నదన్నం అక్కా, తిన్నమని అన్నమా? పసిపిల్లలు తెస్తె మనసు నొప్పియ్యొద్దని తీసుకున్నం."

ఆమె ముఖంలో సిగ్గు లేదు, ద్వేషమూ లేదు. జ్వరం వచ్చినప్పుడు నా మనవలకు ఆమే రెండు రాత్రులు తడిగుడ్డ వేసిందని సుగుణ చెప్పింది. అలాంటి మనిషిని ఏమని తిట్టను? అయినా తిట్టాను. "మీరు వండుకోవద్దు, మేం ఇయ్యం" అని లోపలికి వచ్చి పన్నెండు పొట్లాలూ విప్పి బియ్యం డబ్బాలో గుమ్మరించాను. సుగుణ గోడకు ఆనుకొని ఏడ్చింది. "నువ్వు ఎల్లుండి బండెక్కి పోతవ్ అత్తమ్మా, వాళ్ళ నడుమ ఉండేది నేను" అంది. అది నిజమేనని నాకూ తెలుసు. పొట్లాలు మాత్రం మళ్ళీ కట్టనివ్వలేదు.

రూతు నా పక్కకు వచ్చి కూర్చుంది. "ఎవ్వలకు పెట్టనంటేనే చేస్త" అంది.

"ఎవ్వలకు పెట్టం బిడ్డా. మనమే తిందాం."

ఈసారి బొగ్గును పొగ పోయేదాకా బయట కాల్చాం. రూతు గుడ్లు గిలక్కొట్టిన తీరు చూస్తే ఎవరినో కొడుతున్నట్టే ఉంది. కేకు అద్భుతంగా వచ్చింది. కిస్మిస్ పండ్లు మాత్రం వేయనివ్వలేదు, పొట్లం తీసి దాచేసింది.

పండుగ నాడు

ప్రార్థన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి వెనక వాకిట్లో సేవంతాబాయి ఉంది. నా ఈడుదే, చాందా వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళయిందట. బుట్ట దించి అడిగింది, "ఈసారి పళ్ళాలు పోలే బాయి?"

అసలే మండిపోతున్నాను. "ఎందుకు? నీ చెత్తబుట్ట నింపనీకా?" అని అరిచాను.

ఆమె బెదరలేదు. "వాళ్ళు పెంట మీద వెయ్యమన్నరు. నేను వేస్తనా? చెత్త మీద మోదుగాకులు పరిచి, వాటి మీద పెట్టుకొని ఇంటికి తీసుకపోయిన. ఆరేండ్ల సంది మా ఇంట్ల గదే పండుగ. నాలుగు దినాలు తింటరు మా పోరలు. ఇయ్యాల పొద్దటి సంది అడుగుతుండ్రు, కేకు ఏదీ అని."

రూతు తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది.

"మరి నువ్వే వచ్చి అడగకపోయినవా?" అన్నాను. నా గొంతు ఇంకా అరుపులోనే ఉంది.

"అడగనీకె ఎవలు పిలిచిండ్రు బాయి? నువ్వు పన్నెండు ఇండ్లకు పంపినవ్. దాంట్ల మా ఇల్లు ఉన్నదా?"

లేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. ఆ పన్నెండు ఇళ్ళ జాబితా రాసింది నేనే. రోజూ మా వాకిలి చెత్త ఎత్తే మనిషికి మిగిలిన అన్నం వెనక వాకిట్లో పెట్టేవాళ్ళం, అదే గొప్ప అనుకున్నాం. రూతు అడిగింది, "కేకు మీద ఏముండెనో మీ పిల్లలకు యాదున్నదా?"

"కిస్మిస్ పండు. దాని కోసమే కొట్లాడుకుంటరు."

రూతు లోపలికి పరుగెత్తి దాచిన పొట్లం తెచ్చింది. చల్లారిన కేకు మీద పండ్లు నిలవవు కదా, ఒక్కొక్కటీ వేలితో గుచ్చి గుచ్చి పెట్టింది. మొత్తం కేకు తనే ఎత్తుకుంది. సామేలు చేతికి గర్జెల పళ్ళెం ఇచ్చింది. ప్రకాశం చెప్పులు వేసుకొని మా వెంట వచ్చాడు. వరసలో తలుపుల దగ్గర ఆడవాళ్ళు నిలబడి చూశారు. నేను ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ నడిచాను.

సేవంతాబాయి ఇల్లు బొగ్గు బండ్ల పట్టాల అవతల. ముగ్గురు మనవలు కేకు చుట్టూ మూగారు, పండ్ల కోసం నిజంగానే కొట్లాడుకున్నారు. రూతు మధ్యలో కూర్చొని పంచాయితీ చేసింది. వచ్చే ఏడు ఇంకో డబ్బా ఎక్కువ చెయ్యాలని నాకు హుకుం వేసింది. నేను వచ్చిన పని అయింది. అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది.

పండుగ పూట ఇంటికి వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపగూడదని సేవంతాబాయి లోపలికి వెళ్ళి, ఉడకబెట్టి తాలింపు వేసిన గుడాలు పళ్ళెంలో తెచ్చింది. వేడివేడి శనగ గుడాలు, పైన ఉల్లిగడ్డ ముక్కలు. రూతు పిడికెడు తీసి నోట్లో వేసుకుంది. ప్రకాశం తీసుకున్నాడు. నేను చెయ్యి చాపాను. పళ్ళానికి జానెడు దూరంలో నా చెయ్యి ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో నాకు తెలుసు, మీకూ తెలుసు. నేను ఆపమనలేదు. చప్పున చాపి తీసుకున్నాను, తిన్నాను, రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను. కానీ ఆ ఆగిన కాస్తసేపూ సేవంతాబాయి నా చేతినే చూసింది. పోరలకు నీళ్ళు తేవాలని లేచి వెళ్ళింది.

ఆ పన్నెండు ఇళ్ళ మీద నా కోపం పోలేదు, పోదు కూడా. కానీ కరీంనగర్ వచ్చిన దగ్గర్నుంచి, కంచం ముందు కూర్చొని అన్నం కలపబోయిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది ఈ కుడిచేతిని చూసే.